చూసి రాసిన పేజీ

సోమవారం పొద్దున పది గంటలలోపు సింధూజ చేయవలసిన పనులు:

పద్నాలుగో బెడ్డు పేషెంటు వివరాల పేజీ నింపాలి.
ఆయన పడుతున్న ఇబ్బందుల్లోంచి ఐదింటిని ఎంచి, అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని మొదట పెట్టి, వరుసగా రాయాలి.
ప్రతిదానికీ రుజువు రాయాలి. చూసినదో, విన్నదో, కొలిచినదో ఉండాలి.
కాలి పుండు కొలత తీసుకోవాలి, తీసుకోనిస్తే.
షుగర్ చార్టు గీయాలి.
ఆదివారం తంగళ్ళపల్లి పోయి రావాలి. అమ్మ మూడు వారాలుగా పిలుస్తోంది.
తెల్ల కోటు ఇస్త్రీ చేసుకోవాలి.
ఆ ముసలాయనతో గొడవ పెట్టుకోకూడదు.

చివరిది గురువారం మధ్యాహ్నం కలిపింది. అప్పటికి ఆయన విసిరిన స్టీలు గ్లాసు ఇంకా మంచం కింద దొర్లుతూనే ఉంది.

సింధూజది జగిత్యాలలో నర్సింగ్ మూడో సంవత్సరం. ఆ నెల వాళ్ల బ్యాచ్‌కు మగవాళ్ల సర్జికల్ వార్డులో డ్యూటీ పడింది. డాక్టరు జబ్బుకు పేరు పెడతాడు, ఆ జబ్బుతో మనిషి పడే ఇబ్బందికి నర్సు పేరు పెడుతుంది అని స్వర్ణలత మేడం మొదటి సంవత్సరంలోనే చెప్పింది. ఆ పేర్లు పుస్తకంలో వరుసగా ఉంటాయి. నొప్పి, భయం, నిద్రలేమి, చర్మం దెబ్బతినడం, చికిత్సకు సహకరించకపోవడం, ఆలోచనలో తేడా. వాటిలోంచి తన పేషెంటుకు సరిపోయేవి ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని బట్టే ఆ తర్వాత చేసే సేవంతా ఉంటుంది.

"రుజువు లేకుండా రాసిన పేరు డయాగ్నోసిస్ కాదు, అనుమానం" అనేది మేడం. "అనుమానాన్ని ఫైల్లో పెట్టొద్దు."

పద్నాలుగో బెడ్డు రోల్ నంబరు ప్రకారం సింధూజకు వచ్చింది. పక్కనున్న ఐదుగురి భుజాలూ ఊరటతో కొంచెం కిందికి దిగడం ఆమె గమనించింది.

పేషెంటు పేరు జనార్దన్. అరవై ఒకటేళ్లు. కోరుట్లలో కూతురు దగ్గర ఉంటున్నాడు. షుగర్‌తో కుడికాలి బొటనవేలు నల్లబడింది. ఆసుపత్రిలో చేరి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజుల్లో పరగడుపున చేయాల్సిన రక్తపరీక్ష రెండుసార్లు చెడగొట్టాడు. చేతికి పెట్టిన సెలైన్ సూది రెండుసార్లు పీకేశాడు. నర్సక్క అనే వార్డు ఆయమ్మ దుప్పటి మార్చబోతే ఆమె చేతి మీద కొట్టాడు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు.

"నీకెందుకే గంత కష్టం" అంది అఖిల, పన్నెండో బెడ్డు చార్టు గీసుకుంటూ. "ముందలి బ్యాచోల్లు నింపిన పేజీ ఫైల్లనే ఉన్నది. సూసి దించు. గాయన నిన్ను దగ్గరికి రానిస్తడా ఏంది?"

సింధూజ పాత పేజీని పక్కన పెట్టుకుంది. వృత్తి: కూలీ. చూపు: సాధారణం. వినికిడి: సాధారణం. మాట: స్పష్టం. నిద్ర: తక్కువ. పది నిమిషాల్లో పేజీ నిండింది. ఆమె చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది. ఆ పేజీని చూసుకుంటే తృప్తిగా అనిపించింది.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు మంచం పక్కన నిలబడి చెప్పింది. "తాతా, రేపు పొద్దున రక్తం తీసేదాక ఏం తినద్దు. మంచినీళ్లు తప్ప ఏం ముట్టద్దు. సరేనా?"

జనార్దన్ ఆమె ముఖంలోకి చూశాడు. మాస్కుకూ టోపీకీ మధ్య కనబడే ఆ రెండు కళ్లనే చూశాడు.

"ఆఁ, మంచిది బిడ్డా" అన్నాడు.

శుక్రవారం పొద్దున సిరంజి పట్టుకుని వచ్చేసరికి దుప్పటి మీద బిస్కెట్ పొడి ఉంది.

"తినద్దని చెప్పలేదా తాతా?"

ఆయన పలకలేదు. ఆమె వేలితో బిస్కెట్ పొడి చూపించింది. నోటి దగ్గర చేయి పెట్టి, అడ్డంగా ఊపింది.

"తినద్దని నాకెవలు జెప్పిండ్రు?"

"నేనే చెప్పిన! నువ్వు మంచిది అన్నవు!"

"మీరు మీరు మూతులు మూసుకొని ఏందేందో మాట్లాడుకుంటరు" అన్నాడు జనార్దన్. ఆ గొంతులో కోపం కంటే ఎక్కువగా ఏదో కనిపెట్టినవాడి నిదానం ఉంది. "మూసుకొని మాట్లాడి, మూసుకొని నవ్వుకొని పోతరు. నాకు ఎరుకలేదా?"

సింధూజ నర్సుల టేబుల్ దగ్గరికి వెళ్లి తన పుస్తకంలో రాసుకుంది: తన గురించి రహస్యంగా మాట్లాడుకుంటున్నారని పేషెంటు అనుమానం. రాశాక దాని కింద గీత గీసింది. ఇది విన్నది. రుజువు కిందికి వస్తుంది.

ఆ రోజు ఇంకా చాలా రాసుకుంది. పోలీసు స్టేషన్‌లో రాసుకున్నట్టుగా, టైముతో సహా రాసింది. పదకొండు గంటలకు నర్సక్క చేతిలోంచి కిడ్నీ ట్రే జారి నేల మీద ఖంగున పడింది. జనార్దన్ గభాలున అటు తిరిగాడు. అంతకు నిమిషం ముందే సింధూజ వెనక నుంచి రెండుసార్లు పిలిస్తే తిరగలేదు. ట్రే పడితే తిరుగుతాడు, పిలిస్తే తిరగడు. అంటే వినబడుతోంది, పలకకూడదని పలకడం లేదు.

పన్నెండున్నరకు పదిహేనో బెడ్డు దగ్గరినుంచి గంగవ్వ చేయి ఊపి పిలిచింది. గంగవ్వది గొల్లపల్లి. భర్తకూ ఇదే షుగర్ పుండు. సోమవారం ఆపరేషన్ చేసి మోకాలి కింద తీసేశారు. అప్పటినుంచి ఆమె మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని, వార్డులో జరిగే ప్రతిదాన్నీ కాపలా కాస్తోంది.

"సిస్టరమ్మా, గాయన దిక్కు సూడు. సూడంగనే తల తిప్పుకో, మల్ల నీ మీద పడుతది."

సింధూజ చూసింది. జనార్దన్ మంచం మీద సగం లేచి కూర్చుని, తలుపు వైపు చూస్తున్నాడు. కుడిచేయి పైకెత్తి ఉంది. బొటనవేలు నిలబెట్టి, మణికట్టును రెండుసార్లు తిప్పాడు. ఆగాడు. మళ్లీ రెండుసార్లు తిప్పాడు. తర్వాత రెండు వేళ్లను కొక్కెంలా వంచాడు. అరచేతిని ఛాతీ ముందు అడ్డంగా పెట్టాడు. ఎవరూ లేని తలుపు వైపు చూస్తూ ఇదంతా చేశాడు.

"మొన్న మా ఆయన్ను ఆపరేషన్‌కు తోలుకపోయే ముంగట గూడ గిట్లనే తిప్పిండు" అంది గంగవ్వ గొంతు తగ్గించి. "పోయి రాంగ కాలే లేకపాయె."

"అది షుగర్‌తోని పోయింది గంగవ్వా."

"షుగర్ శానమందికి ఉంటది. గీ తిప్పుడు ఎంతమందికి ఉంటది?"

సింధూజకు నవ్వు రాలేదు. ఆ చేతి కదలికలో ఒక లెక్క ఉంది. పిచ్చివాడి చేయి అలా కదలదు, రెండుసార్లు తిప్పి ఆగదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది. ఎక్కడో చూసినట్టు కూడా అనిపించింది. ఎక్కడ అని ఆలోచించేలోపే ఆయన ఎడమచేతి సూదిని పట్టి లాగేశాడు. దుప్పటి మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఆమె పరుగెత్తి దూది అదిమి పట్టింది. ఆయన చేయి వెనక్కి లాక్కోలేదు. ఆమె వైపు చూస్తూ ఏదో జవాబు కోసం కాచుకున్నట్టు ఉన్నాడు. పైన సెలైన్ సీసా ఖాళీగా వేలాడుతోంది. గొట్టంలోకి రక్తం జానెడు ఎగబాకింది. అది ఆమె కళ్లబడింది కానీ పుస్తకంలోకి ఎక్కలేదు. ఆమె రాసింది ఇంతే: గాల్లో చేతులు తిప్పుతున్నాడు. సూది పీకేశాడు, మూడోసారి.

దుప్పటి మారుస్తున్నప్పుడు నర్సక్క ఆయన తువ్వాల కొసన ఉన్న ముడి విప్పింది. లోపల ఏడు తెల్లటి మాత్రలు ఉన్నాయి.

"సూడుండ్రి" అంది నర్సక్క, అరచేతిలో పెట్టి చూపిస్తూ. "రోజూ నా ముంగట నోట్లె ఏసుకుంటడు, నీళ్లు తాగుతడు. మల్ల గివెక్కడియి? గీ మనిషి కడుపుల ఏమున్నదో ఎవలకు ఎరుక?"

సింధూజ వాటిని మళ్లీ లెక్కపెట్టింది. ఏడు మాత్రలు దాచి ఉంచుకున్నాడంటే ఒకేసారి మింగడానికా? ఆమె పుట్టిన వీధిలో అలా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. మాత్రలు తీసుకుని మేడం దగ్గరికి వెళ్లింది. మేడం డ్యూటీ డాక్టరును పిలిచింది.

"ఆపరేషన్‌కు ఒప్పుకోడు. మందు మింగడు. సూది ఉంచుకోడు" అన్నాడు డాక్టరు. అలసిపోయి ఉన్నాడు. "సోమవారం రౌండ్స్‌లో తేల్చేద్దాం. హైదరాబాదు మెంటల్ హాస్పిటల్‌కు రాసి పంపిద్దాం. వాళ్లు కుదుటపరిచి పంపితే అప్పుడు కాలు చూద్దాం."

"అప్పటిదాకా కాలు ఆగుతుందా సర్?" అని అడిగింది మేడం.

"ఇప్పుడైతే వేలితో పోతుంది. అప్పటికి ఎక్కడిదాకా పోతుందో చెప్పలేను. కానీ మనిషిని కట్టేసి కోయలేను గదా."

ఆయన వెళ్లాక మేడం సింధూజ వైపు తిరిగింది. "సోమవారం నీ కేస్ ప్రెజెంటేషన్ ఆ బెడ్డు దగ్గరే. సర్ కూడా ఉంటారు. మొదటి డయాగ్నోసిస్ ఏం పెడుతున్నావో జాగ్రత్తగా ఆలోచించు. నువ్వు చదివేదాన్ని అందరూ వింటారు."

ఆలోచనలో తేడా. సింధూజ పెన్సిల్‌తో మొదటి గడిలో రాసుకుంది. రుజువులు: అనుమానం, చేతులు తిప్పడం, సూది పీకడం, మాత్రలు దాచడం. నాలుగున్నాయి. ఏ డయాగ్నోసిస్‌కైనా నాలుగు చాలు.

శనివారం మధ్యాహ్నం కూతురు ఊర్మిల వచ్చింది. కోరుట్ల బస్సు దిగి, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన చాటతో లోపలికి వచ్చింది. మంచానికీ గోడకూ మధ్య నేల మీద కూర్చుని, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం వేయడం. ముఖం పైకెత్తి తండ్రితో మాట్లాడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

సింధూజ చార్టు చూస్తున్నట్టు నిలబడి వాళ్లిద్దరినీ గమనించింది. చూసినకొద్దీ ఆమెకు వింతగా అనిపించింది. ఊర్మిల పెదవులు కదులుతున్నాయి, కానీ మూడడుగుల దూరంలో ఉన్న తనకు ఒక్క మాటా వినబడటం లేదు. జనార్దన్ మాత్రం తల ఊపుతూ మామూలు మనిషిలా జవాబు చెబుతున్నాడు.

"చాయల శక్కర లేకుంటె గది చాయెట్లయితది? ఏడినీళ్లు... ఆఁ, పిల్లకు జెప్పు, బడి ఎగ్గొట్టద్దని."

అంటే కూతురితో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా తమతోనే. గుసగుసలు దేని గురించి? మాత్రలు దాచమని చెప్పింది కూతురేనా?

"అక్కా, మీ బాపు ఇంట్ల గూడ గిట్లనే ఉంటడా?" అడిగింది సింధూజ.

ఊర్మిల చేతులు మొదటిసారి ఆగాయి. ఆమె చూపు సింధూజ పెన్ను మీదికి పోయింది. "గిట్లనే అంటె?"

"చేతులు తిప్పుడు. ఎవలనూ నమ్మకపోవుడు."

"మా బాపుకు పిచ్చి లేదు సిస్టర్."

"పిచ్చి అని నేనన్ననా?"

"మీరు అనరు. రాస్తరు." ఊర్మిల మళ్లీ ఆకు అందుకుంది. "సోమారం పట్నం పిచ్చాసుపత్రికి తోలుతరని నర్సక్క జెప్పింది. మా ఆయన మస్కట్ల ఉన్నడు. ఇద్దరు పిల్లలతోని నేను పట్నం ఎట్ల తిరుగుదు? ఇగ నేనేం జెప్పినా మీరు గదే రాసుకుంటరు. నన్నేం అడగకుండ్రి."

"చేతులు ఎందుకు తిప్పుతడో గదొక్కటి చెప్పు."

"అలవాటు" అంది ఊర్మిల. దారాన్ని పళ్లతో తెంపింది.

సింధూజ రాసుకుంది: కుటుంబ సభ్యులు వివరాలు దాస్తున్నారు.

ఆదివారం పొద్దున జగిత్యాలలో ఎక్కిన బస్సు సిరిసిల్ల చేరేసరికి పదిన్నర దాటింది. అక్కణ్నుంచి ఆటోలో వాగు దాటి తంగళ్ళపల్లి. అమ్మ ఆమెను సరిగ్గా చూసుకున్నదో లేదో అన్నం డబ్బా చేతిలో పెట్టింది.

"మీ బాపుకు ఇయ్యాల గూడ పనే ఉన్నది. సిరిసిల్ల పోయి నువ్వే ఇచ్చిరా, నిన్ను సూసి సంబురపడుతడు."

తండ్రి మనోహర్ పనిచేసే కార్ఖానాలో నలభై సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని అక్కడ ఎవరూ మరమగ్గం అనరు, సాంచ అంటారు. వీధి మలుపులోనే అరికాళ్లకు ఆ అదురు తెలిసింది. పోగు మోసే నలభై నాడెలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఇటూ అటూ కొట్టుకుంటుంటే, లోపల గాలే గట్టిపడినట్టు ఉంటుంది. దూది నుసి ముక్కులోకి పోకుండా సింధూజ బ్యాగులోంచి మాస్కు తీసి పెట్టుకుంది. ఎనిమిదో సాంచ దగ్గర తండ్రి వీపు కనబడింది.

"బాపూ!" అని అరిచింది. తిరగలేదు. ముందుకు వెళ్లి నిలబడింది. "బాపూ, అన్నం తెచ్చిన. బయటికి వచ్చి తింటవా?"

మనోహర్ ఆమె కళ్లలోకి చూశాడు. మాస్కు పైన కనబడే ఆ రెండు కళ్లనే చూశాడు. ఆ చూపులో గుర్తుపట్టిన సంతోషం ఉంది. దాని వెనకనే, అడిగినదేదో అందని అనుమానం ఉంది.

ఆ చూపు సింధూజకు తెలుసు. గురువారం నుంచి రోజూ చూస్తున్నది.

తండ్రి తన గడ్డం కింద చూపుడువేలు పెట్టి కిందికి లాగినట్టు చేశాడు. దించు. ఆమె మాస్కు దించింది. ఈసారి గొంతే వాడలేదు. పెదవులతో మాత్రం అంది: అన్నం తెచ్చిన. ఆయన ముఖమంతా విచ్చుకుంది. తల ఊపాడు.

అదే క్షణంలో చివరి వరుసలో ఒకాయన చేయి పైకి లేచింది. బొటనవేలు నిలబెట్టి, మణికట్టు రెండుసార్లు తిప్పాడు. ఆగాడు. మళ్లీ రెండుసార్లు తిప్పాడు. మనోహర్ చప్పున పక్క సాంచ దగ్గరికి నడిచి, నాడెలోంచి ఖాళీ అయిన కండె తీసి, దారం నిండుగా చుట్టిన ఇంకో కండె పెట్టి, సాంచను మళ్లీ నడిపించాడు.

అన్నం డబ్బా సింధూజ చేతుల్లో బరువుగా అయింది.

బయట మెట్ల మీద తండ్రి పక్కన కూర్చుని అడిగింది. చెవుల్లో ఇంకా హోరు ఉంది. ముఖం ఆయనకు ఎదురుగా పెట్టి అడిగింది. "బాపూ, గాయన చెయ్యి గట్ల ఎందుకు తిప్పిండు?"

"మర్సిపోయినవా? సిన్నగున్నప్పుడు నాతోని అచ్చి నువ్వు గూడ తిప్పుదువు గద. కండె అయిపోయింది, సాంచ ఆగింది, జర సూడు అని."

"వేళ్లు గిట్ల వంచితే?"

"పోగు తెగింది."

"అరచెయ్యి గిట్ల అడ్డం పెడితే?"

"ఆపు అని. ఏందే, సాంచాలు నేర్చుకుంటవా? నర్సు పని ఇడిసిపెడ్తవా?" నవ్వాడు మనోహర్. డబ్బా మీదికి వంగి అన్నం కలుపుకోసాగాడు.

సీసా అయిపోయింది, చూడండి. గొట్టంలో రక్తం వెనక్కి వస్తోంది. ఆపండి. మూడుసార్లూ ఆయన వరుసగా అదే చెప్పాడు. ఎవరూ రాకపోతే తనే ఆపుకున్నాడు, సాంచను ఆపినట్టు.

సింధూజ తండ్రి వంచిన తలను చూసింది. ఫోనులో ఆయన ఎప్పుడూ రెండు మాటలే మాట్లాడి అమ్మకు ఇచ్చేస్తాడు. కూతురు పెద్దదైందని మొహమాటం అనుకుంది ఇన్నేళ్లూ.

"బాపూ" అంది, మామూలు గొంతుతోనే. "నేను ఫోన్ల మాట్లాడేది నీకు వినపడ్తదా?"

మనోహర్ తలెత్తలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ అన్నాడు.

"ఆఁ, మంచిది బిడ్డా."

సోమవారం పది గంటలకు పద్నాలుగో బెడ్డు చుట్టూ తొమ్మిది మంది నిలబడ్డారు. డాక్టరు, స్వర్ణలత మేడం, వార్డు సిస్టర్, ఆరుగురు విద్యార్థినులు. ఊర్మిల గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె చంకలో ఒక బట్టల సంచి ఉంది. పట్నం పోవలసి వస్తే అన్నట్టుగా తెచ్చుకుంది. నర్సక్క గుడ్డతో కిటికీని తుడుస్తోంది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

జనార్దన్ ఒక్కొక్కరి మాస్కునూ చూస్తూ వచ్చాడు. చేతులు దుప్పటి కింద దాచుకున్నాడు.

"మొదటి డయాగ్నోసిస్" అని సింధూజ చదివింది. "వినికిడి లోపం. దానివల్ల చెప్పినది పేషెంటుకు అందకపోవడం."

మేడం ఫైలు చేతికి తీసుకుని మొదటి పేజీ తిప్పింది. "వినికిడి సాధారణం అని ఇక్కడ నువ్వే రాశావు."

"రాసిన మేడం."

"పరీక్ష చేసి రాశావా?"

సింధూజ అఖిల వైపు చూడలేదు. "లేదు మేడం. చూసి రాసిన. ముందలి బ్యాచ్ వాళ్లది చూసి. వాళ్లు కేస్ షీట్ చూసి రాసిండ్రు. కేస్ షీట్ల ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు."

వార్డు సిస్టర్ తల దించుకుంది. డాక్టరు నుదురు చిట్లించాడు. "బిడ్డతో మాట్లాడుతుండు గదా. ట్రే కింద పడితే తిరిగిండని కూడా ఇందులో రాసి ఉంది."

"పెద్ద చప్పుడు అందుతది సర్. మాటలు అందయి. పెదవులు చూసి మాట్లాడుతడు. అక్క మాస్కు పెట్టుకోదు."

"అది కూడా నీ అనుమానమేనా?" అంది మేడం. గొంతులో కోపం లేదు, వదిలిపెట్టే ఉద్దేశమూ లేదు. "రుజువు?"

సింధూజ మంచం తల వైపుకు వెళ్లి, ఆయన వెనక నిలబడింది. "జనార్దన్ తాతా!" అని వార్డంతా వినబడేలా పిలిచింది. మూడో బెడ్డు పేషెంటు కూడా లేచి చూశాడు. జనార్దన్ కదలలేదు. ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లన్నీ తన వెనక్కి పోవడం చూసి అప్పుడు తిరిగాడు, భయంగా.

ఆమె మంచానికి ఎదురుగా వచ్చింది. రెండడుగులు వెనక్కి నిలబడి మాస్కు దించింది. గొంతు వాడకుండా, పెదవులతో మాత్రమే అడిగింది. ఆ గదిలో ఆ ప్రశ్న తెలిసింది ఆయన ఒక్కడికే.

జనార్దన్ ఆమె నోటి వైపే చూశాడు.

"సిరిసిల్లల" అన్నాడు. "ముప్పై ఆరేండ్లు నడిపిన సాంచాలు. నీకెవలు జెప్పిండ్రు బిడ్డా?"

సింధూజ కుడిచేయి ఎత్తింది. బొటనవేలు నిలబెట్టి, మణికట్టును రెండుసార్లు తిప్పింది.

ఆయన చేతులు దుప్పటి కిందినుంచి బయటికి వచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో ఆయన కూతురు వైపు తిరిగాడు. "సూసినవా? మనోల్ల పిల్లనే. పదొద్దుల సంది ఇక్కడ నేను ఇంతమందిని పిలుస్తున్న, ఒక్కలు గూడ నా సాంచ దిక్కు రాలే."

ఊర్మిల సంచి నేల మీద పెట్టింది. "మీరు ఒక్కనాడన్న చెవులు వినవడ్తయా అని అడిగిండ్రా?" అంది సింధూజతో. "సాంచాలు నడిపినోల్ల ఇండ్లల్ల గది ఒక రోగమని ఎవలనుకుంటరు? మా ఇంట్ల అందరం గట్లనే మాట్లాడుకుంటం."

డాక్టరు కొంచెం వెనక్కి జరిగి తన మాస్కు దించాడు. మెల్లగా, ఒక్కొక్క మాటా పలికాడు. "వేలు ఒక్కటే తీస్తాం. పాదం ఉంటుంది. నడవొచ్చు."

"ఒక్క ఏలేనా?" జనార్దన్ చూపు పదిహేనో బెడ్డు మీద, దుప్పటి చదునుగా పడిన చోట నిలిచింది. "మోకాలు దాక అనుకున్న. గాయనను తోలుకపోయినట్టు తోలుకపోతరని... గీ మాట మొన్ననే జెప్పొచ్చు గద సారూ."

"మూడుసార్లు చెప్పిన."

"మూతికి గుడ్డ కట్టుకొని జెప్పిండ్రు."

సింధూజ తెల్ల మాత్రల సంగతి అడిగింది. జనార్దన్ ఒక్కో వేలెత్తి లెక్కపెట్టాడు. పచ్చది షుగర్‌కని ఎరుక, ఎర్రది రక్తానికని ఎరుక, తెల్లది మధ్యలో వచ్చింది, అది ఎందుకో తెలియదు. "ఎందుకిస్తుండ్రో తెల్వకుంట ఎట్ల మింగుదు? ఊర్మిలకు సూపెడుదామని దాసిన. గింతల నర్సక్క గుంజుకపాయె." నర్సక్క కిటికీ తుడవడం ఆపేసింది.

ఆపరేషన్ కాగితం మీద ఆయన కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టాడు. పట్నానికి రాయాల్సిన చీటీ డాక్టరు రాయలేదు.

అందరూ వెళ్లాక మేడం ఫైలు తిరిగి ఇచ్చింది. ఐదు ఇబ్బందులూ రాసిన కేర్ ప్లాన్‌కు మంచి మార్కులే వచ్చాయి. మొదటి పేజీ మీద మాత్రం ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, దాని పక్కన సున్నా ఉన్నాయి. "ఈ పేజీ చింపెయ్యకు. నీ దగ్గరే ఉంచుకో" అంది మేడం.

బుధవారం ఆపరేషన్ అయింది. వేలు ఒక్కటే తీశారు. సింధూజ ఒక మందుల అట్టపెట్టె చింపి, పెద్ద అక్షరాలతో రాసి, మంచం తల దగ్గర కట్టింది: మాస్కు దించి, ఎదురుగా నిలబడి మాట్లాడండి. కింద మూడు చేతి సైగల బొమ్మలు గీసి, ఏది దేనికో రాసింది. గురువారం మధ్యాహ్నం ఆమె నర్సుల టేబుల్ దగ్గర ఉండగా వార్డు మధ్యలోంచి ఒక చేయి లేచింది. బొటనవేలు నిలబెట్టి, రెండుసార్లు తిప్పి, ఆగింది. ఆ చేతికి గాజులున్నాయి. గంగవ్వ స్టూలు మీదినుంచి లేచి నిలబడి ఉంది.

"సిస్టరమ్మా, గాయన నిద్రపోయిండు. బాటిల్ అయిపాయె" అంది. పక్కకు చూస్తూ కొంచెం గొణిగింది. "నాకేం ఎరుక, సాంచాల ముచ్చటని."

ఆ వారం నుంచి సింధూజ ఇంటికి మామూలు ఫోను చేయలేదు. వీడియో కాల్ చేసి, వెలుతురు తన ముఖం మీద పడేలా కిటికీ పక్కన నిలబడి మాట్లాడింది. మొదటి రోజు మనోహర్ ఫోను అమ్మకు ఇవ్వలేదు. పదకొండు నిమిషాలు మాట్లాడాడు.

జనార్దన్ కర్ర పట్టుకుని కోరుట్ల బస్సెక్కాడు. తర్వాతి వారం వార్డుకు సున్నం వేశారు, అట్ట ఎటు పోయిందో తెలియదు. సింధూజ బ్యాచ్ కూడా వేరే వార్డుకు మారింది. ఇప్పుడు పద్నాలుగో బెడ్డు మీద వేరే ఎవరో ఉన్నారు, ఆయన ఫైల్లోనూ ఎవరో నింపిన మొదటి పేజీ ఒకటి ఉంటుంది. కాబట్టి ఇక మీరే గుర్తుపెట్టుకోవాలి. ఏ ఆసుపత్రిలోనైనా, ఏ కౌంటర్ దగ్గరైనా, మీరు చెప్పినదానికల్లా "ఆఁ, మంచిది బిడ్డా" అనేసి, మీ కళ్లలోకి అనుమానంగా చూసే మనిషి ఎదురైతే, దయచేసి ఆయన గురించి వెంటనే ఏమీ రాయకండి. ముప్పై ఆరేళ్లు సాంచాలు నడిపిన జనార్దన్‌ను ఒక్కసారి గుర్తుచేసుకోండి.